కడిగిన క్యారేజీ, తెరుచుకోని ఫైళ్ళు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఒంగోలులో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. దయ్యాల పుస్తకాలు ఎన్ని వచ్చినా కథల బీరువాలోనే సర్దాను, ఒక్కటి కూడా చరిత్ర బీరువాలోకి పోనివ్వలేదు. ఇప్పటికీ నమ్మను. అయితే మా బావ పోయాక ఆయన కారు కెమెరాలో దొరికిన ఒక మూడు నిమిషాల ఫైలును ఏ బీరువాలో పెట్టాలో నాకు తెలియటం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

బావ అంటే మా అక్క భర్త. పొదిలి దగ్గర పల్లెలో బోరు కింద నాలుగెకరాల మిరప, ఆ పైన మెట్టలో పత్తి వేసేవాడు. గొంతు పెద్దది. పక్క పొలం వాళ్ళతో మాట్లాడటానికి ఫోన్ అవసరం ఉండేది కాదు. నాకు మాత్రం రోజూ పొద్దున ఫోన్ చేసి, "ఏం బామ్మర్దీ, ఆ బుక్కు ఇంకా అయిపోలేదా?" అని అడిగేవాడు. ముప్ఫై ఏళ్ళు అదే ప్రశ్న. ఇప్పుడు ఆ ఫోన్ రావటం లేదు. నా దుఃఖం గురించి ఇంతకు మించి రాయను.

బావ గురించి రెండు సంగతులు ముందే చెప్పాలి. తర్వాత అవసరమవుతాయి.

మొదటిది, పుట్టినప్పటి నుంచి మిరప పండించిన ఈ మనిషి కారం తినలేడు. కారం తగిలిందంటే ఎక్కిళ్ళు. ఊళ్ళో తెలిస్తే తలెత్తుకోలేనని, పొలంలో మధ్యాహ్నం కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకుని తినేవాడు. అట్లాగని మానుకునే రకమూ కాదు. పెరుగన్నంలో చల్ల మిరపకాయలు లేకపోతే ముద్ద దిగదు. కరకర నమలటం, ఎక్కిళ్ళు పెట్టటం, "ఎవరో తలుచుకుంటన్నారు" అని నెత్తిన తట్టుకోవటం, మళ్ళీ నమలటం. ఈ సంగతి అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

రెండోది క్యారేజీ. అక్క రోజూ మూడు గిన్నెల స్టీలు క్యారేజీ కట్టిచ్చేది. బావ దాన్ని తిన్నది తిన్నట్టు ఎంగిలి గిన్నెలతో తెచ్చి గట్టు మీద పడేసేవాడు. అలిగిన రోజున మాత్రం అన్నం బోరు దగ్గర కుక్కలకు వేసి, అక్కకు తెలియకూడదని గిన్నెలు శుభ్రంగా కడిగి తెచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళలో తనంతట తాను గిన్నె కడిగింది అలిగినప్పుడే. కాబట్టి క్యారేజీ మెరుస్తూ వచ్చిందంటే అక్కకు విషయం అర్థమయ్యేది. ఈ కిటుకు తెలిసిపోయిందని బావకు చివరిదాకా తెలియదు.

ఇక కెమెరా. ఒకసారి పత్తి ట్రాక్టరు ఒకటి కారును గీరుకుని పోయి, తప్పు బావదేనని పంచాయితీ పెట్టింది. ఆ కోపంలో గుంటూరు వెళ్ళి, ఉన్నవాటిలో చవకైన కెమెరా కొని కారు అద్దానికి బిగించుకొచ్చాడు. ముందు దారినీ, లోపల మాటలనీ మూడేసి నిమిషాల ఫైళ్ళుగా కార్డులో దాస్తుంది. కార్డు నిండితే పాతవి చెరిపి కొత్తవి రాసుకుంటుంది. వెనకాల అగ్గిపెట్టెంత తెర కూడా ఉంది.

దసరాకి అక్క ఆయుధపూజ చేసింది. ట్రాక్టరుకీ, మోటారుకీ, మందు కొట్టే పంపుకీ, కారుకీ గంధం, కుంకుమ పెట్టింది. కొత్తగా వచ్చిన వస్తువు కదా అని కెమెరాకీ పెట్టింది. సరిగ్గా దాని గుండ్రటి అద్దం మధ్యలో.

మర్నాటి నుంచి కెమెరా తెర ఎర్రగా కనపడసాగింది. బావ నాలుగు నెలలపాటు గుంటూరు కొట్టువాణ్ణి తిట్టాడు. మాఘమాసంలో ఒక పొద్దున, దాన్ని ఊడదీసి కొట్టువాడి మొహాన కొడదామని చేతిలోకి తీసుకున్నప్పుడు బొట్టు కనపడింది.

ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి ఘాటుకి నేను తుమ్ముతుంటే, వీళ్ళ కేకలకి కూలోళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"కంటికి ఎవురన్నా బొట్టు పెడతారంటే?" అన్నాడు బావ.

"దానికి కన్నెక్కడుందో, నుదురెక్కడుందో నాకేం తెలుసు?" అంది అక్క.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. నేను నవ్వేసరికి బావకు పౌరుషం వచ్చింది. తలకు చుట్టుకున్న కండువా తీసి బొట్టు తుడిచాడు. ఆ కండువాకు కొబ్బరినూనె ఉంది. బొట్టు పోలేదు, అద్దమంతా పరుచుకుంది. తర్వాత కెమెరాను మళ్ళీ కారులో బిగించి, క్యారేజీ తీసుకుని పొలం వెళ్ళిపోయాడు. నేను బస్సెక్కాను. బావ ఇంకా కారు నడుపుతూనే, పది గంటల పన్నెండు నిమిషాలకు ఫోన్ చేసి, మా అక్కను ఎవరికిచ్చి చేసినా ఇంతకంటే బాగుపడేదని, తను మాత్రం ఆమెను చేసుకుని బాగుపడలేదని చెప్పాడు. ఆ సాయంత్రం అయిదున్నరకు ఇంటికొచ్చి, కారు రేకుల షెడ్డులో పెట్టి, వరండాలో మంచం మీద నడుం వాల్చాడు. అక్క మంచినీళ్ళు తెచ్చేసరికి లేడు. గుండె అన్నారు.

చావు ఇంట్లో క్యారేజీ సంగతి ఎవరికి గుర్తుంటుంది. రెండో రోజున వచ్చిన జనానికి నీళ్ళ ట్యాంకరు తేవాల్సి వచ్చి, ట్రాక్టరు బ్యాటరీ పనిచేయక, కారు బ్యాటరీ ఊడదీసి దానికి బిగించారు. కారు తాళం అక్క నా చేతికిచ్చింది. అది నా చొక్కా జేబులోనే ఉంది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

పదకొండో రోజున పెద్ద కర్మ బోరు దగ్గర పెట్టారు. ఇంటికీ బోరుకూ రెండు కిలోమీటర్లు. పిండాలు పెట్టి కాకుల కోసం చూస్తున్నాం. రాలేదు. మామూలుగా ఆ పొలంలో కాకులు మనుషుల భుజాల మీద వాలతాయి. ఆ రోజు ఒక్కటీ లేదు. పంతులుగారు పిలవమన్నారు. కొడుకులు లేని మనిషి కాబట్టి కర్మ చేసింది నేనే. పిలవటం కూడా నాదే. యాభై నాలుగేళ్ళ వయసులో, కంటికి కళ్ళద్దాలతో, తడి పంచెతో నిలబడి కావు కావుమని అరిచాను. జీవితంలో నాకది మొదటిసారి. బాగా రాలేదు. వెనకాల ఎవరో దగ్గు నటించి నవ్వు దాచుకోవటం వినపడింది. పంతులుగారు వాచీ చూసుకుని పన్నెండున్నర దాటిందన్నారు. చివరికి ఆవుకు పెట్టించి కార్యం ముగించారు.

అక్క ఆ రోజు నుంచి అన్నం సరిగా తినటం మానేసింది.

పదిహేనో రోజున ట్రాక్టరు నుంచి బ్యాటరీ తెచ్చి కారుకు బిగిద్దామని నేను కారు తాళం తీశాను. పక్క సీటు ముందు, కింద క్యారేజీ ఉంది. అక్క మూత తీసి చూసింది. మూడు గిన్నెలూ ఖాళీ. కడిగి ఉన్నాయి. మెరుస్తున్నాయి.

అక్క గుమ్మంలో కూర్చుండిపోయింది. మూత మళ్ళీ పెట్టేసి అంది: "కుక్కలకేశాడురా. నా చేతి కూడు తినకుండానే పోయాడు."

తిని కడిగాడేమో అన్నాను. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడన్నా అట్లా జరిగిందా అని అడిగింది. తర్వాత, కెమెరాకి మాటలు కూడా వినపడతాయంటగా, అందులో చూసి చెప్పమంది. తిన్నాడా లేదా అనే ఒక్కటి తెలిస్తే తనకు చాలంది. నేను కెమెరాలోంచి కార్డు తీసి, జాగ్రత్తగా ఉంచమని ఆమెకిచ్చాను. కారును ఇక కదిలించలేదు.

మర్నాడు వెళ్ళేటప్పుడు కార్డు అడిగితే, కుంకుమ భరిణెలోంచి తీసిచ్చింది.

"ఇప్పుడు ఈ భరిణెతో నాకు పనేముంది. ఇందులో అయితే ఎవురూ ముట్టుకోరని పెట్టా," అంది.

కార్డు మొత్తం ఎర్రగా ఉంది. నేను తుడిచి జేబులో పెట్టుకున్నాను.

వీడియో అంటే వీడియో, చూడటానికి కష్టమేముంటుందిలే అనుకున్నాను. ఒంగోలు వచ్చి కంప్యూటర్‌లో పెడితే ఫైళ్ళ పేర్లు కనపడ్డాయి. పేర్లలోనే తేదీ, టైము ఉన్నాయి. చివర చుక్క తర్వాత మాత్రం నేను ఏనాడూ చూడని మూడక్షరాలు. ఏది నొక్కినా ఇది నాకు తెలియదు అన్నది కంప్యూటర్. ఫోన్ అదే మాట అంది. టీవీ ఆ మాట కూడా అనలేదు.

కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సహోద్యోగి ఆ మూడక్షరాలు చెరిపి, అందరికీ తెలిసిన అక్షరాలు రాయమన్నాడు. అట్ట మార్చినంత మాత్రాన లోపలి పుస్తకం మారదని నాకు తెలుసు. అయినా మార్చాను. ఈసారి తెరుచుకుంది. పచ్చటి తెర, గుడ్డ చింపుతున్నట్టు శబ్దం. ఇంటర్నెట్‌లో ఏ ఫైలునైనా మార్చిపెడతామన్న చోట ఒకటి ఎక్కించాను. గంటసేపు గుండ్రంగా తిరిగి, తన పేరు పెద్ద అక్షరాలతో రాసివున్న నల్లటి వీడియో ఇచ్చింది. బావ గొంతు అందులో లేదు.

కార్డులోనే కెమెరా కంపెనీ వాడి సొంత ప్లేయరు ఉందని తర్వాత తెలిసింది. నొక్కాను. నా కంప్యూటర్‌లో కాపలా ఉండే ప్రోగ్రాము దాన్ని దొంగ అని పట్టుకుని చెరిపేసింది. కాపలాను ఆపి, ముందే తీసి పెట్టుకున్న కాపీ నుంచి మళ్ళీ పెట్టాను. మొత్తం చైనా అక్షరాలు. గుండీలు వరసగా నొక్కుతూ పోయాను. నాలుగోది నొక్కగానే కంప్యూటరే ఆగిపోయింది. నాకు మూడు భాషలు చదవటం వచ్చు. ఆ రోజు ఒక్కటీ పనికిరాలేదు.

చివరికి పొదిలిలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే సుజాత గారి స్టూడియో సంగతి ఎవరో చెప్పారు. నలభై ఏళ్ళ మనిషి. ఒక పెళ్ళిలో వీడియో కోసం తలంబ్రాలు ఆపకుండా పోయిస్తూ, ఫోన్‌లో నాతో మాట్లాడింది. మర్నాడు వెళ్తే కార్డు చూసి, పెన్సిల్ రబ్బరుతో దాని రాగి పళ్ళు రుద్దుతూ ఎర్రటి పొడి ఊదింది.

"మాస్టారూ, ఈ కెమెరాకి మీవోళ్ళు పెట్టినన్ని బొట్లు పెళ్ళికూతురికి గూడా పెట్టరండీ," అంది. నేను మాస్టారుని కాదు, లైబ్రేరియన్ని. ఎవరికీ ఆ తేడా చెప్పటం మానేసి చాలా ఏళ్ళయింది.

మొదట కార్డుకు రెండు కాపీలు తీసి, అసలు కార్డును పక్కన పెట్టింది. ఇంకోసారి కెమెరాలో పెడితే ఉన్నవి చెరిపేసుకుంటుందని హెచ్చరించింది. తర్వాత ఒక ఫైలును విప్పి, లోపలి అంకెలు చాలాసేపు చూసింది. వివరం నాకు అర్థమయ్యేట్టు ఇట్లా చెప్పింది:

"లోపలున్నయ్యి మామూలు కాయలే మాస్టారూ. గోతాం మూతి కుట్టటమే వేరుగా కుట్టాడు. ఆ పురికొస ఏ చివర లాగాలో తెలిస్తే మొత్తం ఒక్క లాగుకి ఊడొస్తది. రెండో చివర లాగితే ముడిపడి కూర్చుంటది. మీరిన్నాళ్ళూ రెండోది లాగారు."

ఇంటర్నెట్ లేని పాత కంప్యూటర్ ఒకటి ఆవిడ దగ్గర ఉంది. అందులో గుండీలు లేని, అక్షరాలు కొట్టే ప్రోగ్రాముతో, బొమ్మనూ శబ్దాన్నీ ముట్టుకోకుండా పై కుట్టు మాత్రం విప్పి కొత్త సంచిలో పోసింది. శబ్దం మొదట నత్తిగా వచ్చింది. వేగం ఏదో సరిచేసింది. అప్పుడు స్పీకర్లోంచి, మా అక్కను ఎవరికిచ్చి చేసినా ఇంతకంటే బాగుపడేదన్న మాట స్పష్టంగా వినపడింది.

నేను లేచి బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. సుజాత గారు అంతవరకూ ఆపి ఉంచింది.

బొమ్మ గురించి చెప్పేదేమీ లేదు. మొదటి నుంచి చివరిదాకా ఎరుపు. నూనె, కుంకుమ. అందులో లారీలు నీడల్లా పోతున్నాయి. శబ్దమే సాక్ష్యం. నా ఫోన్‌లో ఆ కాల్ పది గంటల పన్నెండుకి ఉంది. ఫైలులో పది గంటల పదహారుకి. అంటే కెమెరా గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. తేదీ సరిగ్గానే ఉంది.

మధ్యాహ్నానికి ఫైలు లేదు. కారు ఆపితే కెమెరా కూడా ఆగిపోతుంది. మళ్ళీ సాయంత్రం ఇంటికొస్తున్న ఫైళ్ళున్నాయి. మాటలు లేవు. గతుకుల్లో పడ్డప్పుడల్లా క్యారేజీ శబ్దం మాత్రం ఉంది. అది ఖాళీదా, నిండుదా? సుజాత గారు తన క్యారేజీని స్టూడియో వాళ్ళ కారులో పెట్టించింది. స్టూడియో ముందు గుంటల్లో అటూ ఇటూ నడిపించింది. తర్వాత ప్రయోగం కోసం ఆవిడ భోజనం ఇద్దరం తినేసి, ఖాళీది పెట్టి మళ్ళీ నడిపాం. గోంగూర బాగుంది. ఖాళీ క్యారేజీ గలగలమంటుంది. నిండుది థప్ మంటుంది. బావ కారులోది అన్నిసార్లూ థప్ మంది.

అంటే బావ తినలేదు, కుక్కలకూ వేయలేదు. అన్నం నిండుగానే తిరిగొచ్చింది. మరి గిన్నెలు ఎవరు ఖాళీ చేశారు? ఎలుకలు తినగలవు. మూత తీయటం కష్టం. కడగటం అసాధ్యం.

ఇదంతా అక్కకు ఎట్లా చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగా, జాబితా కిందికి జరుపుతున్న సుజాత గారు ఆగింది.

"మాస్టారూ, ఆయన పోయింది ఎప్పుడన్నారు?"

చెప్పాను. ఆ తర్వాత ఇంకొక ఫైలు ఉంది. ఒకే ఒకటి. పేరులో ఉన్న తేదీ పదకొండో రోజుది. టైము పన్నెండు గంటల నలభై ఒకటి. నాలుగు నిమిషాలు తీసేస్తే పన్నెండు ముప్ఫై ఏడు.

కెమెరాలో చిన్న బ్యాటరీ ఉంటుందని, కారులోకి ఎవరైనా ఎక్కి ఊపు తగిలితే అది లేచి ఒక ఫైలు తీసి పడుకుంటుందని సుజాత గారు వివరించింది. అయితే కారు బ్యాటరీ లేకుండా తొమ్మిది రోజులు ఆ చిన్నది బతకదని తనే అంది. ఎవరైనా ఎక్కుదామన్నా కారుకు తాళం వేసి ఉంది. తాళం చెవి నా చొక్కా జేబులో, ఆ చొక్కా బోరు దగ్గర తీగ మీద ఉంది.

ఫైలు పెట్టింది. తెర ఎరుపు. తలుపు వేసిన శబ్దం. క్యారేజీ కొక్కెం టక్కుమని ఊడింది. గిన్నెలు విడదీస్తున్నారు. తర్వాత కరకర నమలటం. చల్ల మిరపకాయ శబ్దానికి ఇంకో శబ్దం పోలిక ఉండదు. తర్వాత ఎక్కిలి. ఇంకొకటి. ఇంకొకటి. మామూలుగా బావకు మూడు నాలుగుతో ఆగిపోయేవి. ఇవి ఆగటం లేదు. నెత్తిన తట్టుకుంటున్న చప్పుడు. మళ్ళీ ఎక్కిలి. రెండు నిమిషాలు దాటాక, విసుగ్గా, ఎక్కిళ్ళ మధ్య ఒక మాట:

"అబ్బబ్బ. ఇంతమంది ఒక్కసారే తలుచుకుంటే ఎట్టాగంట?"

ఆ మాట వెనకాల, చాలా దూరం నుంచి, ఒక అరుపు ఉంది. సుజాత గారు శబ్దం పెంచి, ఇదేం పక్షండీ అని అడిగింది. అది పక్షి కాదు. కాకిలా అరవటానికి ప్రయత్నిస్తున్న ఒక లైబ్రేరియన్. అంత అధ్వాన్నంగా ఈ జిల్లాలో ఇంకెవరూ అరవలేరు. ఆ అరుపు రెండు కిలోమీటర్ల అవతల, అద్దాలు ఎత్తిన కారులోకి ఎట్లా వినపడిందో నాకు తెలియదు. నేను అంత గట్టిగా కూడా అరవలేదు.

సుజాత గారు ఆ రోజు డబ్బులు పుచ్చుకోలేదు. కొట్టు మూసేసి నాతోపాటే రోడ్డు దాకా వచ్చింది. ఎందుకొచ్చిందో నేను అడగలేదు.

ఫైలు అక్కకు వినిపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. వినిపించాను. మధ్యాహ్నం వరండాలో, అదే మంచం మీద కూర్చుని వింది. ఎక్కిళ్ళ దగ్గర చెయ్యి పైకి లేచింది, తట్టటానికన్నట్టు. మొత్తం అయ్యాక, నేను నా సందేహాలన్నీ వరసగా చెప్పాను. బ్యాటరీ, తాళం, గడియారం, క్యారేజీ శబ్దం. ఏదో ఒక పొరపాటు ఉండి ఉంటుందన్నాను. అది ఎక్కడుందో నాకు దొరకలేదన్నాను.

"ఏ రోజైతే ఏందిరా. తిన్నాడు గదా," అంది.

మరి గిన్నెలు కడిగి ఉన్నాయి కదా, అలక తీరనట్టేగా అని నోరు జారాను. అక్క నావైపు జాలిగా చూసింది.

"పదకొండు రోజుల పెరుగన్నం. కడక్కపోతే వాసన రాదంట్రా?"

ఆ తర్వాత కాకులు ఎందుకు రాలేదో కూడా తనే తేల్చేసింది. కారులో కూర్చుని తింటున్నవాడు బోరు దగ్గరికి ఎట్లా వస్తాడని అడిగింది. ఆ పూట లేచి, కంచంలో అన్నం పెట్టుకుని తింది. నెల రోజుల తర్వాత ఆమె కడుపునిండా తినటం నేను చూశాను.

ఇంకో ఏర్పాటు కూడా చేసింది. ఇంటిల్లిపాదీ ఒకేసారి బావను తలుచుకోకూడదని. పాపం ఆయన ఎక్కిళ్ళు పెట్టలేక చస్తున్నాడంది, వెంటనే చస్తున్నాడన్న మాట నాలిక కరుచుకుని వెనక్కి తీసుకుంది. పొద్దుటిపూట తను, సాయంత్రం నేను. మిగతావాళ్ళు పండగలకి.

ఫైలు మూడు చోట్ల కాపీ చేసి పెట్టాను. కార్డు మళ్ళీ భరిణెలోకే వెళ్ళింది. మా కాలేజీ భౌతికశాస్త్రం ఆయనకు వినిపించాను. కెమెరా చవకది అన్నాడు. అది నాకు ముందే తెలుసు. నిండు క్యారేజీ ఎట్లా ఖాళీ అయిందో, నా గొంతు అందులోకి ఎట్లా వచ్చిందో ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేను.

దయ్యాలున్నాయని నేను నమ్మను. ఇది రాయటం పొద్దుటిపూట మొదలుపెట్టాల్సి వచ్చింది. ముందు అక్కకు ఫోన్ చేసి, ఇవాళ కాసేపు తను తలుచుకోకుండా ఉంటుందని మాట తీసుకున్నాకే కూర్చున్నాను.